బెట్ట తగిలిన తోటను బ్రతికించుకోవడం

వర్షాభావం వల్ల వరిపైరు ఎండిపోయినప్పుడు రైతు నష్టపోయేది ఒక్క పంటను. వాన కురిసిన మరుసటి ఏడు అదే మడిలో మళ్ళీ విత్తుకోగలడు. మామిడితోట ఎండిపోతే పోయేది ఒక్క పంట కాదు. అంటు నాటిన నాటి నుండి కాపు స్థిరపడేవరకు గడిచిన పది పన్నెండేళ్ళ కాలం పోతుంది. ఆ కాలంలో పెట్టిన పెట్టుబడి పోతుంది. ఆ పెట్టుబడిలో బ్యాంకు వాటా ఉన్నచోట దీర్ఘకాలిక ఋణం కూడా చిక్కులో పడుతుంది. అందువల్ల కరవు తరువాత తోటను ఏ విధంగా పరీక్షించాలి, చెట్టును ఏ విధంగా తిరిగి నిలబెట్టాలి అన్నది రైతుకు ఎంత ముఖ్యమో, ఆ తోటపై ఋణం మంజూరు చేసిన క్షేత్రాధికారికి కూడా అంతే ముఖ్యం.

ఈ వ్యాసానికి ఆధారం ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్ పరిసరాల తోటలు. విశాఖపట్నం నుండి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలులో ప్రయాణించిన తెలుగువారికి ఈ ప్రాంతం కొత్త కాదు. కిటికీలో నుండి చూస్తే కనుచూపు మేర వరి గట్లు, గట్లమీద నల్లతుమ్మలు, మధ్య మధ్య చెరువులు. "ధాన్యపు గిన్నె" అని పేరు మోసిన ఈ సీమలో కరవు అంటే మన రాయలసీమ రైతుకు నమ్మశక్యం కాకపోవచ్చు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే రాయపూర్‌లో సుమారు 1,200 మిల్లీమీటర్లు కురుస్తుంది. కాని ఆ వాన దాదాపు అంతా జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురిసి వెళ్ళిపోతుంది. అక్టోబరు మొదలు మరుసటి జూన్ వరకు చెట్టు నేలలో దాగిన తేమతోనే కాలం గడపాలి. ఆ నాలుగు నెలల వాన తప్పితే తరువాతి ఎనిమిది నెలలకు ఆధారం ఉండదు. మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే చోట ఇది చిన్న విషయం కాదు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన ఏడే ఇక్కడ కరవు సంవత్సరం. 2002లో దేశమంతటా జూలై వాన దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఏటి ఋతుపవనాల లోటు 19 శాతం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 21 జిల్లాలలోని 96 తహసీళ్ళను కరవు ప్రాంతాలుగా ప్రకటించింది. ఇవన్నీ వరి లెక్కలో చెప్పుకున్న కరవులు. తోటల లెక్క ఎవరూ విడిగా వ్రాయలేదు. ఎందుకంటే వరి కరవు ఆ ఏడే కంటికి కనబడుతుంది, తోట కరవు మరుసటి ఏడు బయటపడుతుంది.

నేల సంగతి

రాయపూర్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. మెట్టపైన గులకరాళ్ళతో కూడిన ఎర్రని పలుచని నేల భాటా. దాని దిగువన ఇసుకపాలు గల పసుపుపచ్చని నేల మటాసీ. ఇంకా దిగువన బంకపాలు హెచ్చిన డోర్సా. పల్లంలో లోతైన నల్లరేగడి కన్హార్. మంచి నేలలన్నీ వరికి పోగా తోటలకు మిగిలింది చాలావరకు భాటా, మటాసీలే. మన చెల్క భూములకు భాటాను దగ్గరి బంధువుగా భావించవచ్చు. నీరు త్వరగా ఇంకుతుంది, అంత త్వరగానూ జారిపోతుంది. అడుగున గట్టి రాతిపొర ఉంటే తల్లివేరు అక్కడే ఆగిపోతుంది. ఒకే కరవులో కన్హార్ అంచున ఉన్న మామిడి పచ్చగా ఉండి, నూరు గజాల ఎగువన భాటాలోని మామిడి మాడిపోవడానికి కారణం ఇదే. తనిఖీకి వెళ్ళినవారు తోట అంతటినీ ఒక గాటన కట్టకుండా నేలను బట్టి విడదీసి చూడాలని చెప్పడానికే ఈ వివరం.

చెట్టు లోపల ఏమి జరుగుతుంది?

చెట్టు నీటిని పంపుతో తోడదు. ఆకులలోని సన్నని రంధ్రాల గుండా తేమ ఆవిరైపోతూ ఉంటే, ఆ లాగుడుకు వేరు నుండి ఆకు వరకు నీటి తీగ ఒకటి తెగకుండా పైకి సాగుతుంది. నేల ఎండేకొద్దీ ఆ తీగపై బిగువు పెరుగుతుంది. మొదట చెట్టు పత్రరంధ్రాలను మూసుకుని నీటిని పొదుపు చేస్తుంది. రంధ్రాలు మూసుకుంటే గాలి కూడా లోపలికి రాదు. ఆహారం తయారీ తగ్గుతుంది. అప్పుడు చెట్టు వేళ్ళలోనూ మానులోనూ పిండిపదార్థంగా నిలవచేసుకున్న ఆహారాన్ని వాడుకోవడం ప్రారంభిస్తుంది. ఇది ఒక విధంగా రైతు కరవులో గాదె ధాన్యం తీసి తినడం వంటిది.

కరవు ఇంకా ముదిరితే నీటి తీగ తెగుతుంది. దారువులోని సన్నని గొట్టాలలో గాలిబుడగలు చేరి ఆ మార్గాలు మూసుకుపోతాయి. చివరి రెమ్మలకు నీరు అందక కొన నుండి క్రిందికి ఎండుతూ వస్తాయి. అదే సమయంలో నేల పైపొరలో ఉండే పీచువేర్లు, నీటినీ పోషకాలనూ నిజంగా పీల్చే వేర్లు, చాలావరకు చచ్చిపోతాయి. లావు వేర్లు బ్రతికే ఉంటాయి, కాని అవి చెట్టును నిలబెట్టగలవే గాని తగినంత నీటిని పీల్చలేవు.

ఇక్కడే మొత్తం విషయానికి కీలకం ఉంది. వాన వచ్చిన రోజున చెట్టు దగ్గర నీరు ఉంటుంది, దానిని త్రాగే నోరు ఉండదు. గాదె దాదాపు ఖాళీ. ఆ కాస్త నిలవతో చెట్టు ముందుగా పీచువేర్లను తిరిగి పుట్టించుకోవాలి, తరువాత ఆకు వేయాలి, ఆ ఆకు తయారుచేసిన ఆహారంతో గాదెను మళ్ళీ నింపుకోవాలి. దీనికి ఒక పూర్తి వర్షాకాలం, తరచుగా రెండు, పడుతుంది. ఈ మధ్యకాలంలో దానిపై మరే భారం మోపినా చెట్టు కూలుతుంది. కరవు గడిచాక ఏడాదికో రెండేళ్ళకో చెట్లు చనిపోవడం చూసి రైతులు ఏదో తెగులు తగిలిందంటారు. తెగులు తగిలిన మాట నిజమే కావచ్చు, కాని దానికి తలుపు తీసినది కరవే.

బ్రతికి ఉన్నదా, లేదా?

గొడ్డలి పట్టుకునే ముందు బొటనవ్రేలి గోరును ఉపయోగించాలి. రెమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకితే లోపల పచ్చగా, తడిగా ఉన్నట్లయితే ఆ భాగం బ్రతికి ఉన్నట్లే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఒక మూర క్రిందికి జరిగి మళ్ళీ గీకాలి. ఇలా కొన నుండి మాను వరకు దిగుతూ పచ్చదనం ఎక్కడ మొదలైందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టాలి. చెట్టుకు నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలు చూస్తే చాలు.

ఆకు కూడా ఒక సాక్ష్యం చెబుతుంది. ఆకులు రాలిపోయిన చెట్టును చూసి భయపడేవారే ఎక్కువ. నిజానికి ఆకును రాల్చడం చెట్టు బ్రతికి ఉండి చేసే పని. తొడిమ వద్ద ఒక పొరను ఏర్పరచుకుని ఆకును తానే విడిచిపెడుతుంది. ఎండిన ఆకులు రాలకుండా రెమ్మకే అంటిపెట్టుకుని గలగలలాడుతున్నట్లయితే అనుమానించవలసిందే. ఆకును విడిచే వ్యవధి కూడా లేకుండా ఆ రెమ్మ చచ్చిపోయిందన్నమాట.

ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. జూన్‌లో చూసిన చెట్టును సెప్టెంబరులో మళ్ళీ చూడాలి. మోడైపోయిందనుకున్న మాను ఆగస్టులో లావు కొమ్మల నుండి చిగుర్చడం అరుదు కాదు. ఆ చిగురు ఎక్కడ నుండి వచ్చిందో మాత్రం జాగ్రత్తగా చూడాలి. అంటు కట్టు పైనుండి వస్తే అది లంగ్డా అయినా, దశహరి అయినా, మన బంగినపల్లి అయినా అదే జాతి. కట్టు క్రింద నుండి వస్తే అది నాటుమొక్క చిగురు. పచ్చదనం చూసి దానిని పెంచుకుంటే కొన్నేళ్ళ తరువాత పుల్లని పీచుకాయ కాస్తుంది. అటువంటి చోట బలమైన ఒక చిగురును నిలిపి, దానిపై మంచి రకాన్ని తిరిగి అంటు కట్టడమే మార్గం. వేరు అప్పటికే లోతుగా ఉంది కనుక కొత్త మొక్క కంటె త్వరగా అందుకుంటుంది.

నీరు: ఎంత, ఎక్కడ

చెట్టు మొదట్లో కుండెడు నీళ్ళు పోయడం మన అలవాటు. మొదట్లో ఉన్నవి లావు వేర్లు. పీల్చే వేర్లు కొమ్మల అంచు నీడ పడే చోట, ఇంకా కొంచెం బయట కూడా ఉంటాయి. పాదు అక్కడ ఉండాలి. మాను చుట్టూ రెండడుగుల మేర నేలను ఎత్తుగా ఉంచి నీరు తగలకుండా చూడడం మంచిది.

లెక్క చెప్పుకుందాం. కొమ్మల విస్తీర్ణం 6 మీటర్ల వ్యాసం గల మామిడిచెట్టు నీడ సుమారు 28 చదరపు మీటర్లు. అక్కడ ఒక సెంటీమీటరు నీరు నిలపాలంటే 280 లీటర్లు కావాలి. వేసవిలో ఒక తడికి రెండున్నర సెంటీమీటర్లు ఇస్తే, అంటే 700 లీటర్లు పోస్తే, భాటా నేలలో దాదాపు ఒక అడుగు లోతు తడుస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకరు ఏడు చెట్లకు సరిపోతుంది. బోరు ఎండిన సంవత్సరంలో ఈ లెక్క రైతును నిరుత్సాహపరచేదే. అటువంటప్పుడు పాదును రెండు సగాలుగా చేసి ఒక తడి ఒక వైపు, మరుసటి తడి రెండవ వైపు ఇవ్వవచ్చు. ఏడు చెట్ల నీరు పద్నాలుగు చెట్లకు వస్తుంది. తడిలేని వైపు వేర్లు నీటిని పొదుపు చేయమని ఆకుకు సంకేతం పంపుతాయి, తడి ఉన్న వైపు వేర్లు చెట్టును బ్రతికిస్తాయి. ఆస్ట్రేలియాలోని ద్రాక్షతోటలలో 1990ల దశకంలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. చెట్టును పెంచడానికి కాక బ్రతికించడానికి మాత్రమే నీరున్నప్పుడు పనికివస్తుంది.

రోజూ కొంచెం కొంచెం చల్లడం కంటె పది పన్నెండు రోజులకొక లోతైన తడి మేలు. పైపై తడి పైపై వేర్లనే పుట్టిస్తుంది, అవి మరుసటి ఎండకు మళ్ళీ చస్తాయి. కన్హార్ నేలలో జాగ్రత్త వేరు. ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగడిలో నీరు పోస్తే అది నెర్రెల గుండా వేరుకు అందకుండా అడుగుకు దిగిపోతుంది. మొదట పై రెండంగుళాల మట్టిని గుల్లచేసి నెర్రెలు పూడ్చి తరువాత నెమ్మదిగా తడపాలి. అలాగని అక్కడ నీరు నిలువ ఉంచితే కొత్తగా పుట్టే వేర్లు గాలి అందక కుళ్ళుతాయి.

పాదుపైన కప్పు వేయని నీరు సగం ఎండకే అర్పణం. అదృష్టవశాత్తు రాయపూర్ ప్రాంతంలో ఇక్కడివారు పైరా అనే వరిగడ్డికి కొదవ లేదు. నాలుగు నుండి ఆరంగుళాల మందాన పాదంతటా పరచి, మానుకు జానెడు దూరంలో ఆపాలి. మానుకు ఆనిస్తే చెదలకు నిచ్చెన వేసినట్లే. పశువులకు మేత కరవైన ఏట గడ్డిని నేలపై పరచమంటే ఏ రైతూ ఒప్పుకోడు, ఒప్పుకోనవసరమూ లేదు. రాలిన ఆకులు, మోదుగ రెమ్మలు, ఊక, ఏదైనా సరే. వేసవిలో చెరువు ఎండినప్పుడు తీసే పూడికమట్టిని భాటా తోటలోని పాదులకు వేయడం ఖర్చుతో కూడినదే అయినా, ఆ నేల నీటిని పట్టివుంచే శక్తిని ఏళ్ళ తరబడి పెంచే పని. కరవు ఏడే చెరువు మట్టి సులభంగా దొరికే ఏడు కూడా.

చేయకూడని పనులు

వాన పడగానే యూరియా వేయడం మొదటిది. ఎరువు వేస్తే చెట్టు కోలుకుంటుందని రైతు నమ్మకం. పీచువేర్లు లేని చెట్టుకు యూరియా వేస్తే నేలలో లవణం పెరిగి ఉన్న కాస్త వేరు కూడా మాడవచ్చు. ఒకవేళ పీల్చినా, వేరు మోయగల దానికంటె ఎక్కువ ఆకును తోస్తుంది. ఆ లేత ఆకు అక్టోబరు ఎండకు వాడిపోతుంది. కొత్త చిగురు ముదిరి ఆకుపచ్చగా మారిన తరువాత, అది కూడా మామూలు మోతాదులో సగాన్ని రెండు దఫాలుగా వేయడం ఉచితం. బాగా చివికిన పశువుల ఎరువుకు ఈ భయం లేదు.

రెండవది తోటలో లోతుగా నాగలి దున్నడం. పుట్టీపుట్టని పీచువేర్లను కోసివేసినట్లవుతుంది. మూడవది తొందరపడి కొమ్మలు కొట్టడం. పూర్తిగా ఎండిన కొమ్మను ఎప్పుడు తీసినా నష్టం లేదు. అనుమానం ఉన్న కొమ్మను వర్షాకాలపు చిగురు చూసేవరకు ఉంచాలి. దానిలోనూ కొంత నిలవ ఆహారం ఉంటుంది. కత్తిరించిన చోట బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలతుత్తం, కిలో పొడిసున్నం, 10 లీటర్ల నీరు దానికి లెక్క. మైలతుత్తాన్ని ఇనుప పాత్రలో కలపరాదు. ప్లాస్టిక్ బాల్చీ గాని మట్టికుండ గాని వాడాలి.

ఆకు రాలి నీడ పోయిన మానుకు, లావు కొమ్మలకు పలుచని సున్నం పూత పూయడం ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ గల పని. ఇన్నాళ్ళూ నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా పడమటి ఎండకు గురైతే పగులుతుంది. ఆ పగుళ్ళలోనే కాండం తొలిచే పెంకు పురుగు గ్రుడ్లు పెడుతుంది. మానుపై రంధ్రం, దాని క్రింద రంపపుపొట్టు కనిపించినట్లయితే సన్నని ఇనుపతీగతో పురుగును బయటకు లాగి, రంధ్రంలో కిరోసిన్ తడిపిన దూది పెట్టి బంకమట్టితో మూసివేయడం తోటమాలులందరికీ తెలిసిన పద్ధతే. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తనను తొలిచే పురుగును జిగురుతో ముంచి చంపగలదు; బెట్ట తగిలిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. అమెరికాలోని కాలిఫోర్నియా అడవులలో 2010 నుండి 2017 వరకు దాదాపు 12.9 కోట్ల చెట్లు చనిపోయాయని అక్కడి అటవీశాఖ లెక్క. వాటిని బలహీనపరచినది 2012లో మొదలైన కరవు. అనేక చెట్లను చివరకు కూల్చినది బెరడు తొలిచే పురుగు.

చెదల విషయంలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి చాలామంది విని ఉంటారు. 2017 చివరలో కొమ్మ విరిగిపడి సందర్శకులను ఆపివేసిన తరువాత, 2018లో ఆ మహావృక్షానికి సెలైను సీసాల ద్వారా చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. ఊడల మర్రికి, తరాల ఆస్తికి అది తగిన వైద్యమే. మూడు వందల మామిళ్ళ తోటలో అది సాధ్యపడదు. మట్టిగూళ్ళను గీకివేసి, ఉద్యానశాఖ సూచించిన మందుతో మానును, మొదటిని తడపడమే మనకు అందుబాటులోని వైద్యం.

మోసగించే పూత

ఇక అన్నింటికంటె కష్టమైన విషయానికి వస్తున్నాను. వాన తక్కువైన ఏట మామిడి కొత్త చిగురు వేయదు. పాత రెమ్మలు ముదిరి ఉంటాయి. చలికాలం రాగానే ఆ ముదిరిన రెమ్మలన్నీ ఒక్కసారిగా పూతకు వస్తాయి. నీటి ఎద్దడికీ పూతకూ ఉన్న సంబంధం రైతుకు తెలియనిది కాదు. అనంతపురం చీనీ రైతు, నాగపూర్ నారింజ రైతు కావాలనే కొంతకాలం నీరు ఆపి, చెట్టును బెట్టకు గురిచేసి పూత తెప్పిస్తారు. అయితే అది లెక్కపెట్టి ఇచ్చే బెట్ట. కరవు ఇచ్చేది లెక్కలేని బెట్ట.

అందుచేత కరవు తరువాతి మాఘమాసంలో రాయపూర్ తోటలు చూడముచ్చటగా ఉంటాయి. ఆకు పలుచగా, పూత దట్టంగా. రైతు సంతోషిస్తాడు. దళారి వచ్చి పూతమీదనే బేరం మాట్లాడతాడు. తనిఖీకి వచ్చిన అధికారి "పూత బాగున్నది, వసూలుకు ఢోకా లేదు" అని వ్రాసి సంతకం చేస్తాడు. ముగ్గురూ చూస్తున్నది చెట్టు తన గాదెలోని చివరి గింజలు వెదజల్లడం. ఆ పూత కాయగా మారితే, వేరు పునర్నిర్మాణానికి ఉద్దేశించిన ఆహారమంతా కాయలోకి పోతుంది. కాయ చిన్నదిగా ఉండి సగం రాలుతుంది, కొమ్మలు మే నెలలో ఎండుతాయి.

కనుక గోటి పరీక్షలో మూడవ వంతుకు పైగా కొమ్మలు ఎండినట్లు తేలిన చెట్టు మీద పూత ఉంచరాదని నా అభిప్రాయం. పూగుత్తి జానెడు పొడవు ఉండగానే చేతితో త్రుంచాలి. కొంత మాత్రమే దెబ్బతిన్న చెట్టుకు మూడవ వంతు పూత ఉంచి తక్కినది తీయవచ్చు. చేతికందని పెద్ద చెట్లకు కాయ బఠాణీగింజంత అయినప్పుడు గెడతో రాల్చాలి. ఎంత ఎత్తైన చెట్టుకైనా ఇది పూర్తిగా సాధ్యం కాదు, సాధ్యమైనంత చేయడమే.

2018 ఫిబ్రవరిలో ఆరంగ్ వైపు ఒక రైతుకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సాహెబ్, పోయిన కార్తెలో వరి పోయింది. ఈ పూత కూడా నా చేతితోనే తెంపమంటే మార్చి వాయిదా ఏ చెట్టు కడుతుంది?" అన్నారు. ఆ ప్రశ్నకు ఉద్యానశాస్త్రంలో జవాబు లేదు. జవాబు బ్యాంకు పుస్తకంలో ఉంది.

పంట పోయిందా, ఆస్తి పోయిందా?

ప్రకృతి వైపరీత్యాల సందర్భంలో బ్యాంకులు పాటించవలసిన నియమాలను రిజర్వు బ్యాంకు 2018లో ఒకే ఆదేశ సంపుటిగా వెలువరించింది. దాని ప్రకారం పంట నష్టం 33 శాతం నుండి 50 శాతం లోపు ఉంటే స్వల్పకాలిక పంట ఋణాన్ని గరిష్ఠంగా రెండేళ్ళలో, 50 శాతం లేక అంతకు మించితే గరిష్ఠంగా ఐదేళ్ళలో చెల్లించేలా మార్చవచ్చు. రెండింటిలోనూ మొదటి ఏడు విరామం. ఇది మన శాఖలన్నింటికీ సుపరిచితమైన భాగం. తోటలకు వర్తించేది దాని తరువాతి భాగం, దీర్ఘకాలిక ఋణాలకు సంబంధించినది. అక్కడ రెండు మార్గాలున్నాయి. ఆ ఏటి పంట మాత్రమే దెబ్బతిని ఉత్పాదక ఆస్తి క్షేమంగా ఉంటే ఆ ఏటి వాయిదాను వాయిదా వేసి ఋణకాలాన్ని ఒక సంవత్సరం పొడిగించవచ్చు. ఆస్తి కూడా పాక్షికంగానో పూర్తిగానో దెబ్బతిని రైతుకు కొత్త ఋణం అవసరమైతే, అతని మొత్తం చెల్లింపు శక్తిని బట్టి కాలపరిమితిని తిరిగి నిర్ణయించాలి. సాధారణంగా అది ఐదేళ్ళు మించరాదు.

బావి పూడితే, పంపుసెట్టు కొట్టుకుపోతే ఆస్తి పోయిందని అందరూ ఒప్పుకుంటారు. తోటకు ఇచ్చిన ఋణంలో ఆస్తి ఏది? చెట్టే కదా. పీచువేర్లు పోయి, గాదె ఖాళీ అయి, మూడవ వంతు కొమ్మలు ఎండిన చెట్టు పాక్షికంగా దెబ్బతిన్న ఆస్తి. కాని అది పూతతో కళకళలాడుతూ ఉన్నందువల్ల నివేదికలో "పంట నష్టం మాత్రమే" అన్న గడిలో పడుతుంది. ఒక్క ఏడు పొడిగింపు లభిస్తుంది. ఆ ఏడు చెట్టు కోలుకోవడానికి చాలదు. మరుసటి వాయిదాకు భయపడి రైతు పూత ఉంచుతాడు. మూడవ ఏట బ్యాంకుకు వాయిదా లేదు, రైతుకు చెట్టు లేదు.

కాబట్టి తోట తనిఖీ నివేదికలో పూత గురించి వ్రాయడానికి ముందు నాలుగు విషయాలు నమోదు కావాలని వ్యాసకర్త సూచన: ఏ నేలలో ఎన్ని చెట్లు, గోటి పరీక్షలో ఎండిన కొమ్మల పాలు, కొత్త చిగురు వచ్చిన చెట్ల సంఖ్య, ఒక పాదులో అడుగు లోతు త్రవ్వి చూస్తే తెల్లని పీచువేర్లు కనబడినవా, లేదా. చెట్లకు సున్నంతో ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు పెట్టి వర్గీకరిస్తే మరుసటి తనిఖీకి ఎవరు వెళ్ళినా పోల్చుకోగలరు. అరపూట పని. ఈ కాగితం ఉంటే ఆస్తి నష్టం క్రింద కాలపరిమితి పెంచమని పై కార్యాలయానికి వ్రాయడానికి ఆధారం ఉంటుంది, పూత తీయమని రైతును అడగడానికి మనకు నోరు ఉంటుంది.

బీమా ఉన్నది కదా అని కొందరు అంటారు. 2016లో ప్రవేశపెట్టిన పునర్వ్యవస్థీకృత వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం వాతావరణ కేంద్రం నమోదు చేసిన వాన, వేడిమి లెక్కలను బట్టి వస్తుంది. చెట్టు బ్రతికిందా చచ్చిందా అన్నది దాని లెక్కలోకి రాదు. వచ్చిన సొమ్మును ట్యాంకరు నీటికి, పాదుల పనికి మళ్ళించగలిగితే అదే దాని ప్రయోజనం.

కొమ్మ కొట్టి బ్రతికించడం

నీరు అసలే లేనప్పుడు మరొక సాహసం ఉంది. కాలిఫోర్నియా కరవులో కొందరు అవకాడో రైతులు చెట్లను మోకాలెత్తుకు, నడుమెత్తుకు నరికి, మోడులకు తెల్లరంగు పూసి, ఆ ఏటి పంటను వదులుకున్నారు. ఆకు లేని చెట్టుకు నీరు చాలా తక్కువ చాలు. వేరు పెద్దది కనుక తరువాత బలంగా చిగురుస్తుంది. మన ముదురు మామిడితోటల పునరుద్ధరణలో లావు కొమ్మలను కొట్టి కొత్త కొమ్మలు తెప్పించే పద్ధతి దీనికి సమీపమైనదే. అయితే బెట్ట ముదిరి గాదె ఖాళీ అయిన తరువాత కొడితే చిగుర్చే శక్తి ఉండదు. చేసేదైతే కరవు మొదట్లోనే, అది కూడా తోటలో నాలుగవ వంతు మించకుండా చేయాలి. 1987లో రాయపూర్‌లో ఏర్పడిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉద్యాన విభాగం వారిని గాని, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని సంప్రదించకుండా గొడ్డలి ఎత్తరాదు.

గట్లమీది నల్లతుమ్మకు, అడవి అంచు ఇప్పకు, మోదుగకు ఈ వైద్యాలేవీ అక్కరలేదు. వేసవి రాగానే ఇప్ప, మోదుగ ఆకు రాల్చి నిద్రపోతాయి. నల్లతుమ్మ వేరు గట్టు క్రిందికి దిగి వరిమడి తేమను అందుకుంటుంది. ఈ ప్రాంత రైతులు తరతరాలుగా తుమ్మను గట్లమీద ఉంచుకోవడం ఊరకనే కాదు. కరవు ఏట అమ్ముకోవడానికి మిగిలే కలప అదే. ఏడాది పొడుగునా ఆకు మోసే మామిడికి ఆ వెసులుబాటు లేదు.

ఇన్ని చేసినా కొన్ని చెట్లు దక్కవు. రెండు వర్షాకాలాలు గడిచినా అంటు కట్టు పైన పచ్చదనం లేని చెట్టును తీసివేయడమే న్యాయం. ఖాళీలను అదే ఏడు పూరించుకోవాలి. మే నెలలో మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంటలు తీసి ఎండబెట్టి, చెరువు మట్టి, చివికిన ఎరువు కలిపి నింపి, జూలైలో రెండు మంచి వానలు పడ్డాక అంటు నాటాలి. భాటా నేలలో గుంట అడుగున రాతిపొర తగిలితే గడ్డపారతో పగులగొట్టాలి, లేకుంటే గుంట జరిపి త్రవ్వాలి. నాటిన అంటుకు మొదటి రెండు వేసవులు పడమటి వైపు మోదుగ రెమ్మల తడిక కట్టి, వారానికొకసారి కుండ నీరు అందేలా చూడాలి.